నా నోట వచ్చిన ఒప్పుకోలు

2022 వేసవి. నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో ఉంటూ పోలీసులకూ కోర్టులకూ తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తున్నాను. అప్పటికి పదకొండేళ్ల అనుభవం. అవతలి మనిషి ఏమంటే అదే అనాలి, కలపకూడదు, తీయకూడదు, సర్దిచెప్పకూడదు. ఆయన ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనాలి. ఈ పనిలో నన్ను మించినవాళ్లు లేరని కాస్త పొగరు కూడా ఉండేది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు మూడు మాటలు ముందు చెబుతాను. బ్లేమ్ అంటే తప్పు ఒకరి మీద వేయడం, అది ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. అక్యూజ్ అంటే ఫలానా పని నువ్వే చేశావని వేలెత్తి చూపడం. చార్జ్ అంటే అదే మాటను ప్రభుత్వం చట్టం ప్రకారం కాగితం మీద పెట్టడం. అక్కడి నుంచి నిందించినవాళ్లు వద్దనుకున్నా కేసు వాళ్ల చేతిలో ఉండదు.

ఆ వేసవిలో ఒకరోజు పోలీస్ స్టేషన్‌లో నా పక్కన కూర్చున్నది సుబ్బారావు గారు. తెనాలిలో లెక్కల మాస్టారుగా రిటైరై, ఆరు నెలలు కూతురి దగ్గర, మనవరాలి దగ్గర ఉందామని వచ్చారు. ముందురోజు పార్కులో ఎవరో ఐదేళ్ల పాప జారుడుబల్ల మెట్ల మీంచి పడితే ఈయన పరుగెత్తి లేవదీశారు. తల్లి వచ్చి చూసేసరికి, ఏడుస్తున్న బిడ్డ చెయ్యి ముక్కూ మొహం తెలియని ముసలాయన చేతిలో ఉంది. ఆయనే మెలిపెట్టాడని ఆమె పోలీసులకు చెప్పింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆఫీసర్ నేరుగా అడిగాడు. “పాప చెయ్యి విరిగింది. మీరేమంటారు?”

“అయ్యయ్యో, విరిగిందా!” ఆయన రెండు చేతులూ జోడించారు. “తప్పంతా నాదేనండీ. ఆ తల్లిని క్షమించమన్నానని చెప్పండి.”

“ఇట్స్ ఆల్ మై ఫాల్ట్,” అంటూ ఆయన అన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను, తడుముకోకుండా. ఆఫీసర్ రాసుకున్నాడు. ఇంకేమైనా చెబుతారా అని అడిగితే పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపారు.

రెండు నెలలకు కోర్టులో మళ్లీ నన్నే పిలిచారు. చార్జ్ పసిపిల్లపై దాడి. ప్రాసిక్యూటర్ లేచి, నిందితుడు స్వయంగా ఒప్పుకున్నాడంటూ ఒక వాక్యం చదివాడు. నా వాక్యమే! దాన్నే మళ్లీ తెలుగులో ఆయన చెవిలో చెప్పాల్సి వచ్చింది.

సుబ్బారావు గారు నా వైపు తిరిగారు. “నేను పిల్ల చెయ్యి విరిచానని ఒప్పుకున్నానా? ఎప్పుడమ్మా?”

ఆ మాట జడ్జికి ఇంగ్లీషులో చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయనకు శిక్ష పడుతుంది, మనవరాలి దగ్గరికి మళ్లీ రావడానికి వీసా కూడా దొరక్కపోవచ్చు. చెయ్యెత్తాను. మా పద్ధతిలో నా గురించి నేనే వేరొకరిలా చెప్పుకోవాలి.

“యువర్ ఆనర్, ఆ వాక్యం ఈ ఇంటర్‌ప్రెటర్ చెప్పినదే. మాలో పెద్దవాళ్లు బిడ్డకు దెబ్బ తగిలిందని వింటే ముందు తప్పు తమ మీద వేసుకుంటారు. ఏ తప్పు అని అడగమని ఇంటర్‌ప్రెటర్ ఆ రోజు ఆఫీసర్‌ను కోరి ఉండాల్సింది. కోరలేదు.”

జడ్జి నన్ను ఆ కేసు నుంచి అక్కడికక్కడే తప్పించి, వీడియోలో వేరే ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టించారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. మీ తప్పు ఏమిటని ఆయన తరఫు లాయరు అడిగాడు.

“పక్కనే ఉన్న పెద్దవాణ్ణి కదండీ. పిల్ల ఎక్కుతుంటే ఓ కన్నేసి ఉంచొద్దూ?” అన్నారాయన.

కొన్ని వారాలకు కేసు కొట్టేశారు. నా సర్టిఫికెట్ మీద విచారణ జరిగి మందలింపుతో సరిపోయింది. అది నాకు తక్కువే అనిపించింది. ఇప్పుడు ఎవరైనా తప్పు నాదే అంటే, మాట యథాతథంగా చెప్పి, వెంటనే ఏ తప్పో అడగమని కోరతాను. ఆఫీసర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

కేసు ముగిసిన కొన్నాళ్లకు కిరాణా కొట్లో ఆయన కూతురు కనబడింది. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను.

“బాగానే ఉన్నారండీ. రోజూ పార్కుకి వాకింగ్‌కి వెళ్తారు. కానీ మొన్న మా అమ్మాయే కాలు జారి పడితే లేపలేదండీ. చేతులు వెనక్కి పెట్టుకుని, నేనొచ్చేదాకా నన్ను పిలుస్తూ నిలబడ్డారు.”