కరుణకు వచ్చిన ఫోన్లు

ఈ మాట నా గొంతులో ఇరుక్కుని చాలా ఏళ్లయింది. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకరించి కళ్లు మూసుకున్నప్పుడు కూడా చెప్పలేదు. దేవుడికి తెలియనిదేముందిలే అని దాటేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరు ఎవరితోనూ అనరన్న నమ్మకంతో కాదు. నాకు ఎవరిమీదా అంత త్వరగా నమ్మకం కుదరదు. అందుకే చివర నా పేరు ఉండదు. ఇందులో ఉన్న ఒక్క పేరూ అసలుది కాదు.

మాది రేపల్లె. మా వీధిలో మొదట ఫోను వచ్చింది మా ఇంటికే. దాని మీద కప్పడానికి లేసు గుడ్డ అల్లాను. ఎవరూ మా వెనకాల వాడుకోకుండా డయలుకు చిన్న తాళం వేశాను. మేం చేసే ఫోన్లకు తాళం వేయొచ్చు గాని, వచ్చేవాటిని ఎలా ఆపుతాం? వీధిలో సగం మంది మా నంబరే తమ చుట్టాలకు ఇచ్చుకున్నారు, పక్కింటి ఫోనని తెలిసేలా పక్కన పీ.పీ. అని రాసి. ఎవరికి ఫోనొచ్చినా పొయ్యి మీది కూర వదిలేసి, ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లి కేకేయాల్సింది నేనే. విసుక్కునేదాన్ని. కానీ ఆ విసుగులో ఒక సరదా కూడా ఉండేది. ఎవరింట్లో ఏం జరుగుతోందో అందరికన్నా ముందు నాకే తెలిసేది మరి.

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. పాలబ్బాయి నీళ్లు కలుపుతున్నాడని అనుమానం. కొల్లూరు లంకల నుంచి అరటికాయలు తెచ్చే ముసలమ్మ లెక్క తప్పుతోందని అనుమానం. మా ఆయన నవ్వుతూ ఇంటికొస్తే దాని వెనక ఏదో ఉందని అనుమానం. అన్నీ నిజం కాకపోయినా కొన్ని అయ్యేవి. నా తెలివి మీద నాకు గురి కుదరడానికి ఆ కొన్ని సరిపోయాయి.

మా పక్కింట్లో కరుణ ఉండేది. స్కూలు టీచరు. వాళ్లూ మా చర్చివాళ్లే. వాళ్ల నాన్న ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరం ముందు తనే విప్పి చదివే మనిషి. కరుణకు ప్రతి శనివారం మధ్యాహ్నం ఒక ఫోను వచ్చేది. మగ గొంతు. "కరుణ గారిని పిలుస్తారాండి?" అంతకు మించి ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. పేరు చెప్పడు. ఎవరమ్మా అని కరుణను అడిగితే స్కూలు పని అనేది. నేను పక్కగదిలో బియ్యం ఏరుతూ చెవి ఇటే పెట్టేదాన్ని. ఊ, సరే, లేదు, చూద్దాం. ఇవే మాటలు. స్కూలు పనికి ఇంత దాపరికం ఎందుకు? ఒకరోజు గొంతు తగ్గించి నవ్వింది కూడా. స్కూలు పనిలో అంత నవ్వేదేముంటుంది? ఆ నవ్వు నన్ను వారమంతా నిలవనివ్వలేదు.

అంతలో కరుణకు బాపట్ల నుంచి సంబంధం వచ్చింది. పెద్దవాళ్లు వచ్చి చూశారు, మాటలు కుదిరాయి. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు అమ్మాయి పేరు, అబ్బాయి పేరు పాస్టరుగారు అందరిముందూ చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయమంటారు. మొదటి ఆదివారం చదివారు. కరుణ తల వంచుకుని ముసిముసిగా నవ్వుకుంది. అంతకు ముందురోజు కూడా ఆ మగ గొంతు మా ఇంటికి ఫోన్ చేసింది! పెళ్లి కుదిరినా ఆగలేదంటే ఏంటి దానర్థం? ఇక నాకు సందేహమే లేకపోయింది.

ఆ వారంలోనే అబ్బాయి తల్లి పెళ్లి జాకెట్ల కొలతలకని రేపల్లె వచ్చింది. ఇంటికి ఫోన్ చేసుకోవాలని మా ఇంటికొచ్చింది. అప్పుడప్పుడే నేరుగా డయలు తిప్పి పై ఊళ్లతో మాట్లాడే వీలు మాకు వచ్చింది. లైను మాత్రం ఒక పట్టాన దొరికేది కాదు. తిప్పి తిప్పి వేలు నొప్పెట్టి, కాసేపాగి చూద్దామని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. పక్కింట్లోనే ఉంటారు, పిల్ల సంగతి మీకు తెలియనిదేముంటుందని అడిగింది. ఆ ఒక్క మాటకే నేను పొంగిపోయాను.

"పిల్ల బంగారమే అక్కయ్యగారూ. వారం వారం ఎవరో మగాయన ఫోన్ చేస్తుంటాడు గానీ, మనకెందుకులెండి" అన్నాను.

ఇందులో అబద్ధం ఉందా? ఎన్నిసార్లు వెతికానో. ఒక్క ముక్క లేదు. కానీ 'మనకెందుకులెండి' అని ఎందుకు చేర్చాను? ఆ మాట లేకపోతే ఆవిడ పెద్దగా పట్టించుకునేది కాదేమో. అది నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. ఆవిడ సగం తాగిన కాఫీ కింద పెట్టి, ఫోన్ సంగతే మరిచిపోయి వెళ్లిపోయింది.

రెండో ఆదివారం పాస్టరుగారు ఇంకో జంట పేర్లు చదివారు. కరుణ పేరు చదవలేదు. ఆడవాళ్ల వైపు తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. పాట మొదలైతే కరుణ లేచి నిలబడి అందరితో పాటు పాడింది. వాళ్ల నాన్న మాత్రం లేవలేకపోయాడు. నాకు ఆ పూట బాధ కలగలేదు. నేను అనుకున్నదే నిజమైందని తృప్తి కలిగింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. అదే గొంతు. ఈసారి పేరు చెప్పాడు. ఆ బాపట్ల అబ్బాయే.

ఇన్నాళ్లూ ఫోన్ చేసింది తనేనన్నాడు. చదువుకునే రోజుల్లోనే కరుణా తనూ ఇష్టపడ్డారట. పిల్లలే చూసుకున్నారంటే ముందు ఆడపిల్లనే అంటారని, పెద్దలు కుదిర్చిన సంబంధంలాగే నడవాలని, మధ్యవర్తిని కూడా తనే పంపించాడట. ఎవరికీ చెప్పొద్దని కరుణ మాట తీసుకుందట. ఎవరో తన తల్లితో ఏదో అన్నారని, ఆ ఫోన్లు తనవేనని ఇంట్లో చెప్పేస్తానని, అయితే కరుణను ఒక్కమాట అడగాలని, ఒక్కసారి పిలవమని బతిమాలాడు. అనుమానపు మనిషిని, లోకంలో ఉన్న చెడ్డంతా ఊహించగలిగాను. పెళ్లికొడుకే ఫోన్ చేస్తున్నాడేమోనన్న ఒక్క మంచి ఊహ నాకెందుకు రాలేదు?

నేను చేయాల్సింది ఎంత? గోడ దగ్గరికి వెళ్లి ఒక్క కేక. కానీ 'ఎవరో అన్నారు' అన్నాడు కదా. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటే ఆ ఎవరో ఎవరన్నది సాయంత్రానికల్లా తేలిపోతుంది. వీధిలో ఇక నా మొహం ఏం కావాలి? వాళ్లు ఊళ్లో లేరని చెప్పి పెట్టేశాను. మర్నాడు మళ్లీ చేశాడు. ఈసారి, "తను మాట్లాడనంటోంది బాబూ" అన్నాను. "సరేనండి" అన్నాడు. మళ్లీ చేయలేదు.

శనివారం కరుణ తనంతట తనే వచ్చింది.

"పిన్నిగారూ, నాకేమన్నా ఫోనొచ్చిందాండి?"

"లేదమ్మా."

"ఒక్కసారి కూడా రాలేదా?"

"వస్తే పిలవనా ఏంటి?"

తలూపింది. కాసేపు ఫోను వైపు చూస్తూ నిలబడి వెళ్లిపోయింది.

తర్వాత ఎన్నేళ్లో ఆ అబ్బాయినే తిట్టుకున్నాను. బస్సెక్కి రాలేకపోయాడా? తల్లికి ఎదురు చెప్పలేని పిరికివాడు. ఇష్టపడ్డామని ధైర్యంగా చెప్పుకోనివ్వని మన పెద్దరికాలను తిట్టాను. చివరికి ఫోన్లు కనిపెట్టినవాడిని కూడా తిట్టాను. అందరిదీ తలాకాస్త తప్పు ఉండే ఉంటుంది. అయినా మాట్లాడనంటోందని చెప్పిన నోరు నాది.

ఆ అబ్బాయికి ఇంకెక్కడో పెళ్లయింది. కరుణ తెనాలిలో స్కూలుకు మారిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఈ మధ్య కంటి పరీక్షకని తెనాలి వెళితే బజార్లో కనిపించి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. దొండకాయ వేపుడు చేసి అన్నం పెట్టింది. వడ్డిస్తూ, "ఆ వీధిలో అందరూ నన్ను తలా ఒక మాట అన్నారు పిన్నిగారూ. మీరొక్కరే ఏమీ అనలేదు" అంది.

గబుక్కున తన ముఖంలోకి చూశాను. తెలిసే అంటోందా? నన్ను పరీక్షిస్తోందా? పాత బుద్ధి పోతుందా! ఎంత వెతికినా ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. నేను మజ్జిగ పోయమన్నాను.

చెప్పాను. ఇన్నేళ్లకు మొత్తం ఒక్కచోట చెప్పాను. గుండె కాస్త తేలికపడిన మాట నిజమే. క్షమించమని మాత్రం మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి తెనాలిలో ఉంది. ఆమెకు నామీద ఇప్పటికీ అనుమానం లేదు.