దశమి నాడు తోమిన రైఫిల్

2018 సెప్టెంబరులో, సింగపూరు జురాంగ్ వెస్ట్‌కి దగ్గర్లోని ఒక షూటింగ్ క్లబ్బులో నేను రేంజ్ ఆఫీసర్‌గా ఉండగా, కమిటీ నాకొక పని అప్పగించింది. సాయంత్రం ఆడవాళ్ల బ్యాచ్‌కి తక్కువ ధరలో, గురి కుదిరే పాయింట్ టూటూ రైఫిల్ ఒకటి ఎంచాలి. రేంజ్ ఆఫీసర్ అంటే ఫైరింగ్ లైన్ మీద ఎవరు ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి. ఆ లైన్ దగ్గర కార్యదర్శి అయినా నా మాట వినాల్సిందే. ఆఫీసు గదిలో మాత్రం నేనే ఆయన మాట వినాలి.

ఆ బ్యాచ్ అప్పటికి రెండు ముసలి రైఫిళ్లతో నెట్టుకొస్తోంది. అవి రిపేరుకి కూడా లొంగడం మానేశాయి. బడ్జెట్‌లో పనికొచ్చేది దొరక్కపోతే బ్యాచ్ మూసేస్తామని కార్యదర్శి లిమ్ గారు ముందే చెప్పేశారు. బ్యాచ్ లీడరు శైలజ, సెరంగూన్‌లో ఉండే నెల్లూరు అమ్మాయి, బ్యాంకు ఉద్యోగి. రోజంతా ఆఫీసులో అందరికీ తలూపి వస్తానని, ఇక్కడ బోర్లా పడుకుని కాల్చే గంట ఒక్కటే తనదని నాతో అంటూ ఉండేది. ఆ గంట పోతుందేమోనని నాకూ బెంగగానే ఉండేది.

ఈ రైఫిళ్లు కాల్చే రిమ్‌ఫైర్ తూటాలో మంట పుట్టించే మందు అడుగు అంచులో ఉంటుంది. గుండు మెత్తటి సీసం, దాని మీద పల్చగా మైనం. కొత్తవాళ్లు రైఫిల్ కొయ్య మెరుపు చూసి మురిసిపోతారు. నేను గొట్టం చూస్తాను, ట్రిగ్గర్ చూస్తాను, ఏ రకం తూటాతో దానికి పొత్తు కుదురుతుందో చూస్తాను. డీలరు దగ్గర్నుంచి మూడింటిని ట్రయల్‌కి తెప్పించి క్లబ్బు ఆయుధాల స్టోరులో పెట్టాం. సింగపూరులో రైఫిల్‌ని ఇంటికి పట్టుకెళ్లడం కలలో మాట. మూడింట్లో చవకదాని మీదే నా కన్ను.

ట్రయల్ దసరా మర్నాడు పడింది. రైఫిల్‌ని బల్ల మీద బిగించి, గురి చూసే సైట్ సరిచేయడానికి నాలుగైదు రౌండ్లు, ఆపైన లెక్కకు పది కాల్చాలి. చిల్లులు ఎంత దగ్గరగా పడితే అంత మంచి గ్రూపింగ్ అన్నమాట. ఖరీదైనది పేరు గొప్ప ఊరు దిబ్బ. రెండోది బాగానే కొట్టింది గానీ బడ్జెట్ దాటింది. ఇక నా చవక రైఫిల్, కాగితం మీద ఆవాలు చల్లినట్టు కొట్టింది. అంతకుముందు నేనే కాల్చి చూసినప్పుడు చిల్లులన్నీ ఒక నాణెం కింద దాగాయి!

"దిస్ వన్ క్యానాట్ లా," అని లిమ్ గారు ఫైలు మూసేశారు. శైలజ ముఖం వాడిపోయింది.

బిగింపు విప్పుతుంటే కొయ్య అడుగున కుంకుమ బొట్టు కనిపించింది. ఇదేమిటని శైలజను అడిగాను.

"నిన్న ఆయుధ పూజ కదా మాస్టారూ. స్టోరు అంకుల్‌ని అడిగే చేశాం. గొట్టం లోపల అద్దంలా తోమి నూనె కూడా పట్టించాం. పండగ పూట మసితో ఉంచుతామా?"

మిగతా రెండూ ఎందుకు తోమలేదన్నాను. "మనకొచ్చేది ఇదే కదండీ," అంది.

కోప్పడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. రిమ్‌ఫైర్ గొట్టంలో సీసం, మైనం పల్చగా పట్టి ఉంటేనే గుండ్లన్నీ ఒకే తీరుగా వెళ్తాయి. లోపల అద్దంలా తోమితే మళ్లీ పూత పట్టేదాకా దారి తప్పుతాయి. ఇదంతా చెప్పినా లిమ్ గారు కరగలేదు. రైఫిల్‌కి ఒక్క అవకాశమేనని రూలు. అప్పుడు, మీ ఇంట్లో నూనె పట్టిన వోక్ మూకుడుని సబ్బు పెట్టి తోముతారా అని అడిగాను.

"సియావ్ ఆ? మై వైఫ్ విల్ స్కోల్డ్ మీ!" అన్నారాయన, పిచ్చా నీకు అన్నట్టు చూసి.

ఇదీ అంతే అన్నాను. శైలజ వెంటనే దోసెల పెనం సంగతి అందుకుంది. ఆయన ఫైలు మళ్లీ తెరిచి, పెట్టెలో మిగిలిన తూటాలతో కానివ్వమన్నారు.

మొదటివి ఇష్టమొచ్చినట్టు తిరిగాయి. ఆ తర్వాతవి ఒకదాని పక్కకి ఒకటి చేరాయి. చివరి పదీ కలిసి ఒకే చిల్లయ్యాయి. లిమ్ గారు కళ్లజోడు పెట్టుకుని కాగితం దగ్గరగా చూసి సంతకం చేశారు. ఆడవాళ్లు వేసిన కేకకి, లైన్ మీద నిశ్శబ్దం అని నేను అరవాల్సొచ్చింది. అరిచానే గానీ, నాకూ కేక వేయాలనే ఉంది.

ఆ ట్రయల్ నాకు నేర్పింది ఇది. రైఫిల్‌ని రోజూ ఏ స్థితిలో కాలుస్తామో ఆ స్థితిలోనే పరీక్షించాలి. చవకది పనికిరాదని తేల్చే ముందు, నిన్న దాన్ని ఎవరు, ఎంత ప్రేమగా తోమారో అడగాలి.