తూటాల మందు కొనని మావయ్య

నిన్న పొద్దున్న కాలేజీకి వెళ్తుంటే అత్త ఫోన్.

"మీ మావయ్య ఎలిపోయారమ్మా."

మధురవాడ రోడ్డు పక్కన స్కూటీ ఆపేశాను. సన్యాసిరావు మావయ్య. మా అమ్మ తమ్ముడు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. "ఏమైనా పేలిందా?" అని అడిగాను.

పేలలేదు. కాఫీ తాగి, పేపర్ చదువుతూ కుర్చీలోనే పోయాడు. గుండె.

హమ్మయ్య అనుకున్నాను. చావు కబురు విని అలా అనుకోవచ్చా? ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

స్టీల్ ప్లాంట్ మెషిన్ షాప్‌లో రిటైరయ్యాక మావయ్యకి రైఫిల్ షూటింగే లోకం. లైసెన్సు, క్లబ్బు, పోటీలు. కొన్న తూటాలు ఒక్కోటి ఒక్కో దారిన పోతున్నాయని ఆయన కంప్లైంట్. కాల్చేసిన గొట్టాల్లో మళ్లీ మందు నింపి, ఇంట్లోనే చేసుకోవాలని ప్లాన్. క్లబ్బు వాళ్లు పర్మిషన్ కాగితాలు నడిపిస్తుంటే, ఈయన రెండేళ్లు సామాను ఎంచాడు.

తూటా బిగించే ప్రెస్‌ని గోటితో తట్టి చూసేవాడు. "ఇది ఇనుమేటి, అప్పడమేటి?" అని వెనక్కి పంపేవాడు.

మందు తూచే కాటా సెలక్షన్ నాది, కెమిస్ట్రీ లెక్చరర్ని కదా. మే నెలలో ఫ్యాన్లన్నీ ఆపించి, ఒకే బియ్యపు గింజని పదే పదే తూచాడు. గాలి తగిల్తే కాటా అబద్ధమాడుతుందట.

"కాటాకి సెమట పట్టదు, నాకు పడతాది" అని అత్త వీధిలోకి వెళ్లి కూర్చుంది.

చివరికి ప్రెస్ బల్లకి బిగించాడు. మందు కొనడం ఒక్కటే మిగిలింది. అప్పుడు నన్ను పిలిచాడు.

"నాను సెయ్యగల్నా, లేదా? నువ్వు సెప్పు."

ఖాళీ గొట్టం ప్రెస్‌లో పెట్టబోతే రెండుసార్లు జారింది. ఆయన వేళ్లు వణుకుతున్నాయి. చూడనట్టు ఊరుకోవచ్చు. నేను దేన్నీ గట్టిగా చెప్పే మనిషిని కాదు.

"నీ చెయ్యి వణుకుతోంది మావయ్యా. వద్దు."

టీ తాగి వెళ్లమన్నాడు.

తర్వాత రెండు నెలలు ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. నా మాట వినక మందు తెచ్చుకున్నాడేమో అని ఒక భయం. విని మనసు విరిగిందేమో అని ఇంకో భయం.

నిన్న సాయంత్రం అందరూ వెళ్లాక అత్తని అడిగేశాను, నా మీద కోపంతోనే పోయాడా అని.

"కోపమేటమ్మా. ఆయన సెయ్యి సంగతి ఆయనకి తెల్దేటి? క్లబ్బులో అందర్నీ అడిగినారు. మీకేటి సార్, కుర్రోడిలాగున్నారు అనీవోరంట. మన మేనకోడలు గుంటొక్కర్తే నిజం సెప్పినాది అని, ఆ వారమే సామానంతా క్లబ్బుకి ఇచ్చేసినారు. నీకు సెప్పడానికే మొకమాటం."

అప్పుడొచ్చింది ఏడుపు. బరువు దిగిన ఏడుపు.

వెళ్లిరా మావయ్యా. ఎక్కడున్నా నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి.