కురవనంటే కురవను!

కొందరు కుర్రతనంలో చెట్టెక్కి కాలు విరగ్గొట్టుకుంటారు. కొందరు ఈత రాకపోయినా బాయిలో దూకుతారు. నేను ఏకంగా ఒక ఊరి వాన ఆపేశాను. నవ్వకండి. ఆపలేదని నేను ఇప్పటికీ గొంతు చించుకుని చెబుతాను. ఆపావని మా ఊరు ఇప్పటికీ ముక్తకంఠంతో చెబుతుంది. అందుకే జరిగిందంతా మీ ముందు పెడుతున్నాను, తీర్పు మీరే చెప్పండి. తీర్పు నాకు వ్యతిరేకంగా వస్తే మాత్రం నేను ఒప్పుకోను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మాది ఎల్లారెడ్డికి దగ్గర్లో, మిట్ట మీది ఊరు. పోచారం చెరువు నిండితే దిగువన నాగిరెడ్డిపేట పొలాలు పచ్చగా అలలాడతాయి. మేము గట్టు మీద నిలబడి ఆ పచ్చదనాన్ని కళ్లారా చూసి ఇంటికి రావచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. నీరు పల్లమెరుగు, మా కష్టం ఆకాశమెరుగు. అందుకే మా ఊళ్లో పిల్లలు నడక కంటే ముందు మబ్బు చూడ్డం నేర్చుకుంటారు. మృగశిరలో నాలుగు చినుకులు పడితే పెళ్లి సంబంధాలు కుదిరేవి, పడకపోతే ఉన్న ఆలుమగలే తగువులాడుకునేవారు.

అది నిజాం కాలం. నేను కామారెడ్డిలో ఉర్దూలో మిడిల్ దాకా చదివి, తల మీద కొత్త క్రాపుతో, తల లోపల ఒక నాటకంతో ఊరికి దిగాను. క్రాపును చూసి మా బాపు ఏడ్చాడు. నాటకాన్ని చూసి ఊరు ఏడ్చింది. ఆ రెండో ఏడుపు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నాటకంలో నాయకుడు మబ్బురాజు. పూర్తిగా నా సృష్టి. ఈయనకు మహా పౌరుషం. రైతులు తనను అవసరానికి మొక్కి, పంట ఇంటికి చేరాక మరిచిపోతున్నారని అలుగుతాడు. నడిమి అంకంలో "కురవను" అని ప్రతిన పూనుతాడు. చివరికి ఒక రైతు భార్య వచ్చి, ఎండిన మట్టి దోసిట్లో పోసి చూపిస్తే, కరిగి నీరై కురుస్తాడు. ఆ చివరి సీను రాస్తున్నప్పుడు నాకే ఏడుపొచ్చింది. ఇంత గొప్ప సీను ఉర్దూలో లేదు, తెలుగులో లేదు, ఉన్నా నేను చదవలేదు.

మబ్బురాజు వేషం ఈ మల్లేశానిదే, వేరే చెప్పాలా? వెదురుబద్దల కిరీటం, ముఖానికి నీలిమందు, భుజాల మీద మబ్బుకు గుర్తుగా నల్ల గొంగడి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. ఆ గొంగడి కింద రోలు ఉంటే పిండైపోయేది. ఆ ఎండల్లోనే సాధన చేశాను, కళాకారుణ్ని కాబట్టి తట్టుకున్నాను. రైతు భార్యగా మా దోస్తు రాజయ్య, వాళ్లమ్మ చీర అడక్కుండా తెచ్చి కట్టుకున్నాడు.

ఆట పెట్టిన రోజుకు ఆరుద్ర కార్తె వచ్చింది. పడమట నిజంగానే మబ్బులు దిగాయి, ఒకదాని మీద ఒకటి, బర్రెల మందలాగా. ఊరంతా సంబరంగా వచ్చి కూర్చుంది. అందరికంటే ముందు లచ్చవ్వ.

లచ్చవ్వ గురించి రెండు మాటలు చెప్పాలి. మా ఇంటి వెనక ఇల్లు. మగడు పోయాక ఒంటెద్దు సేద్యం చేసుకుని బతుకుతున్న ముసలిది. నోరు ఆమెకు రెండో ఎద్దు. మృగశిర చినుకులు చూసి, దాచుకున్న జొన్న విత్తనమంతా చేనులో వేసేసింది. ఇంట్లో గింజ మిగల్లేదు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకుందని కొందరు ఎగతాళి చేశారు. "మబ్బును నమ్మకుంటే నిన్ను నమ్మాల్నా?" అని ఆమె వాళ్ల నోళ్లు మూయించింది. ఇప్పుడు ఒక్క వాన పడితే విత్తనం మొలుస్తుంది, లేకపోతే దుమ్ములోనే చస్తుంది.

నేను ఎడ్లబండి మీద నిలబడి, గొంగడి విదిల్చి, గర్జించాను. "కృతఘ్నులారా! కురవను! ఈ యేడు ఒక్క చుక్క రాలనివ్వను!"

చప్పట్ల కోసం ఆగాను. చప్పట్లు రాలేదు. లచ్చవ్వ లేచి నిలబడింది.

"ఏమన్నవ్ రా?"

ప్రేక్షకులు లేచి పాత్రతో మాట్లాడితే ఏం చేయాలో కామారెడ్డిలో నాకెవరూ నేర్పలేదు. నేను పాత్రలోనే ఉండి, "ఓ మానవకాంతా! నేను మబ్బురాజును. కురవను!" అన్నాను.

"ఎవనికి రా కాంత? పైన దేవుడు మబ్బు దించిండు, కింద నువ్వు కురవనంటున్నవ్. మల్ల అను సూద్దాం!"

మీరైతే ఏం చేసేవారు? "అవ్వా, ఇది ఆట, కూసో" అనేవారు. బుద్ధిమంతులు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మబ్బురాజు పౌరుషమో, మల్లేశం పౌరుషమో తేడా తెలియని వయసు. బండి అదిరేట్టు కాలు దంచి, "కురవనంటే కురవను!" అని మూడోసారి అరిచాను.

"మూడు మాట్ల అన్నడు!" అని వెనక నుంచి ఎవరో కేక వేశారు. మా వైపు మూడుసార్లు అన్న మాట రాతి మీద గీత. అంతే, ఆడవాళ్లు లేచారు, పిల్లలు ఏడ్చారు, ఇంతలో ఒక పెద్ద గాలి లేచి కాగడాలు ఆరిపోయాయి. చీర పాడైతే వాళ్లమ్మ చంపుతుందని రాజయ్య ఇంటికి పరుగెత్తాడు. నా చివరి సీను నా కడుపులోనే ఉండిపోయింది.

తెల్లారి చూస్తే ఆకాశం తోమిన తాంబాళంలా ఉంది. ఒక్క మబ్బు లేదు.

నేను చెప్పేది వినండి. గాలి వచ్చింది, మబ్బు పోయింది. ఇందులో నా తప్పేముంది? కానీ ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా నా మీద పడ్డారు. వాన కోసం పిల్లలు రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆడారు, పెద్దలు వరదపాశమని పాయసం వండి బండ మీద పోసి నాకారు, అయినా చుక్క పడలేదు. పడకపోయేసరికి, తప్పు కప్పది కాదు, పాశానిది కాదు, మల్లేశానిదే అని తేల్చేశారు.

బాయికాడికి పోతే ఆడవాళ్లు చేద ఇవ్వలేదు. "మబ్బురాజుకు నీళ్లేంది? పిండుకొని తాగుమను!"

ఇంటికొస్తే బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన లచ్చవ్వ.

"బిడ్డా, గా మాట వాపస్ తీస్కో" అన్నాడు బాపు.

"బాపూ, గది నాటకం! నా మాటకు మబ్బులు పోతయా?"

"పోయినయ్ గద రా?"

చదువుకున్నవాణ్ని కాబట్టి క్రాపు సర్దుకున్నాను. ఈ గొడవ తెగ్గొడదామని, "సరే, కురువుమంటున్న, సాలునా?" అన్నాను.

లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. "ఉత్త మల్లిగాని మాట ఎవనికి గావాలె? కురవనన్నది మబ్బురాజు. ఆయననే అనాలె. ఆటల అన్నవ్, ఆటలనే వాపస్ తీస్కో. కిరీటం పెట్టుకో, ముఖం రుద్దుకో, బండెక్కు, కురుస్త అను, దిగు. గంతే."

"అంటే చివరి మాట ఒక్కటే అనాల్నా? మిగిలిన నాటకం?"

"అది ఎవనికి గావాలె?"

చూశారా? రచయితను చంపాలంటే కత్తి అక్కర్లేదు. నాకు ఒళ్లు మండింది. "అననంటే అనను! ఆడితే మొత్తం ఆట ఆడుతా. నడుమల లేసి ఆట చెడగొట్టినందుకు ముందుగాల నువ్వు నాకు మాఫీ చెప్పు, అవ్వా."

"నేను చెప్పాల్నా? నా ఇత్తులు చస్తున్నయ్, నేను చెప్పాల్నా? నీ క్రాపుల నిప్పులువడ!"

ఆమె పోయింది. నేను మొండికేశాను. ఊరు కూడా మొండికేసింది. మంగలి నా క్రాపు ముట్టనన్నాడు. దారిన పోయేవాళ్లు "దండాలు, ఎండరాజా!" అని పలకరించేవారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. ఊరు తలచుకుంటే రాజుకే దెబ్బల కొదవ లేదు.

ఒక పొద్దున, ఎవరి కంటా పడకుండా పోదామని లచ్చవ్వ చేను పక్క దారి పట్టాను. ఆమె చేనులోనే ఉంది. సాలులో గొంతుక్కూర్చుని వేలితో మట్టి తవ్వుతోంది. నన్ను చూసి తిట్టలేదు, దాంతో నాకు భయమేసింది.

"ఇటు రా" అంది. వెళ్లాను. నా అరచేతిలో ఒక జొన్నగింజ పెట్టింది. "సూడు. మూతి తెరిచింది. తాగుదామని తెరిచింది. ఇంక సావలే. రేపో మాపో సస్తది."

గింజ ఉబ్బి, ఒక మూల తెల్లగా పగిలి ఉంది. గాలికి ఎగిరిపోతుందేమోనని గుప్పిట మూశాను. ఉన్న మాట చెబుతున్నాను, ఆ నిమిషాన నా నాటకం మీద నాకే సిగ్గేసింది. సిగ్గు ఒక్క నిమిషమే. మరు నిమిషం రచయిత మళ్లీ లేచాడు.

"సరే అవ్వా, మాఫీ వద్దు, ఏం వద్దు. ఆడుతా. ఈ చేను గట్టు మీదనే ఆడుతా. కని మొదటి సంది ఆడుతా, ఒక్క మాట ఇడువ."

"గా కురవనన్న ముచ్చట సుత అంటవా?"

"అనకుంటె ఆఖరి సీనుకు బలముండదు."

"నీ బలం బండలువడ!" అంది. కాసేపు ఆకాశం చూసింది, కాసేపు నన్ను చూసింది. ఇద్దరిలో ఎవరి మీదా ఆమెకు నమ్మకం కుదిరినట్టు లేదు. "సరే. అను. కని మెల్లగ అను. జెల్ది అను. మూడు మాట్ల అనకు."

ఆ మధ్యాహ్నమే ఆట. గట్టు మీద బండి, బండి మీద నేను, కింద ఊరు ఊరంతా. పడమట ఒక చిన్న మబ్బు తలెత్తింది. తర్వాత దాని అన్నదమ్ములు వచ్చారు. జనం ఊపిరి బిగబట్టారు. నాటకానికి అనుకున్నాను నేను.

కురవనన్న మాట దగ్గరికి వచ్చాం. లచ్చవ్వ వేలు పెదవుల మీద పెట్టుకుని, మెల్లగా, మెల్లగా అని సైగ చేస్తోంది. మెల్లగానే అందామనుకున్నాను, ఒట్టు. కానీ ఎదురుగా అంతమంది, అంత నిశ్శబ్దం. అలాంటి నిశ్శబ్దం దొరికితే ఏ నటుడైనా మెల్లగా అంటాడా? గొంగడి విదిల్చి, ఊపిరి పీల్చి, పోచారం దాకా వినబడేట్టు గర్జించాను.

"కురవను! ఈ యేడు ఒక్క చుక్క రాలని..."

ముక్కు మీద ఒక చుక్క పడింది. రేగుపండంత చుక్క.

తర్వాత రెండు. తర్వాత లెక్క లేదు. ఆకాశం చిల్లుపడ్డట్టు దంచి కొట్టింది. ఊరు కేకలేసింది, ముసలాళ్లు ఎగిరారు, రాజయ్య చీర మోకాళ్ల పైకి దోపి సాళ్లలో గంతులేశాడు. మీరే చెప్పండి, మబ్బురాజు కురవనంటుంటే వాన కురవడమేంటి? నేను పుట్టించిన రాజు మాట ఆకాశం ఇంత అలుసుగా తీసిపారేస్తుందా? చివరి సీను ఇంకా ముందుంది! రాజయ్య మట్టి తేవాలి, నేను కరగాలి, అప్పుడు గదా వాన!

నేను చేతులు రెండూ పైకెత్తి ఆకాశం మీద విరుచుకుపడ్డాను. "ఆగు! ఇప్పుడు గాదు! ఇంకో సీను ఉన్నది! ఆగు..."

మూడోసారి అనలేకపోయాను. లచ్చవ్వ, ఆ వయసులో ఎలా ఎక్కిందో, బండి ఎక్కి నా నోరు చేత్తో మూసేసింది. "ఆగుమంటవురా! మల్ల ఆగుమంటవురా! నీ నోట్లె మన్నువడ!"

శాపం అక్కర్లేదు, ఆమె చెయ్యి నిండా చేను మట్టే, సగం అప్పటికే నా నోట్లో పడింది. విడిపించుకోబోయాను. గొంగడి తడిసి దున్నపోతంత బరువెక్కి నన్ను కదలనివ్వలేదు. నీలిమందు కారి ఆమె మోచేతి దాకా నీలమైంది. ఆమె వేళ్ల సందుల్లోంచే నా చివరి సీను మాట, ఏడుస్తూ రాసుకున్న మాట, "కురుస్తున్నాను" అందామని చూశాను. "బు... బు..." అని వచ్చింది.

"గప్‌చుప్!" అంది లచ్చవ్వ. సాళ్లలో నీళ్లు నిలబడేదాకా చెయ్యి తియ్యలేదు. నా నోరు ఆమె చేతిలో, ఆమె ముఖం చేను వైపు. ముసలిది ఏడుస్తోందో, వానకు తడిసిందో, అంత దగ్గర నుంచి చూసిన నాకూ తెలియలేదు.

విత్తనం మొలిచింది. చేను మోకాలెత్తయింది, నిలువెత్తయింది, పాలకంకులు పట్టింది. అప్పుడు ఒక సాయంత్రం లచ్చవ్వ కొంగులో ఊసబియ్యం, అంటే వేయించిన లేత జొన్నగింజలు, పోసుకుని మా అరుగు ఎక్కింది. నాకు పెట్టబోతూ ఒకసారి ఆకాశం వైపు చూసింది. ఎక్కడో ఓ మబ్బుతునక ఉంది.

"మాట్లాడకు. తిను" అంది.

తిన్నాను. తింటూనే మనసులో, పంచభూతాలు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో దేవుడి వేషమైనా వేస్తాను, దెయ్యం వేషమైనా వేస్తాను కానీ, ఆకాశంలో అరచేతంత మబ్బు ఉన్నా సరే "వద్దు", "ఆగు", "కురవను" అనే మాటలు నా నోట రానివ్వను. ఇన్నేళ్లుగా ఆ ఒట్టు నిలబెట్టుకుంటూనే ఉన్నాను. నా నాటకంలో తప్పు లేదు, తప్పంతా వానదే అని కూడా చెప్పి తీరతాను. కాకపోతే ఆ మాట ఎండాకాలం వచ్చి అడగండి, అప్పుడు గట్టిగా చెబుతాను.