మునెప్ప కవరు

తొంభై ఏడు జూన్‌లో కురబలకోట నుంచి వచ్చి కుప్పం దగ్గర ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. థియేటరు డ్యూటీ. చేరిన రోజు వాన. రేకుల వరండా, లోపల ఒక బల్ల, రెండు దీపాలు. ఆరున్నరకు నేల కడగాలి. ఎనిమిదికి మొదటి కేసు. ఆపరేషనులో రోగి కడుపులోకి పోయిన గుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో లెక్కపెట్టాలి. లెక్క నాకు వచ్చు. అక్షరం రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సర్జన్ గారు సైన్యంలో చేసి వచ్చినవారు. ఏ పనైనా రెండు మాటల్లో చెప్పేవారు.

మరుసటి ఏడు శాంతిపురం క్వారీ నుంచి మునెప్పను తెచ్చారు. బండ తగిలి కడుపులో రక్తం. మూడు గంటలు పట్టింది. మధ్యలో సర్జన్ గారి చెయ్యి ఆగింది.

"సిస్టర్, చూడండి. పెద్ద సిర ఎడమపక్క కూడా ఉంది."

కాళ్ళ నుంచి, కడుపు నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే సిర అది. మామూలుగా వెన్నెముకకు కుడిపక్క ఒక్కటే ఉంటుంది. మునెప్పకు రెండు. దానివల్ల అతనికి ఏ బాధా లేదు. తెలియకుండా కత్తి పెడితేనే ప్రమాదం. సర్జన్ గారు నీలం పెన్సిలుతో బొమ్మ గీసి కవరులో పెట్టించారు. మునెప్పకు తెలివి వచ్చాక మంచం దగ్గరికి వచ్చి చెప్పారు.

"ఇంటికి పోయేటప్పుడు కవరు ఇస్తారు. మళ్ళీ ఎవరు నీ కడుపు కోసినా ముందు అది చూపించు. మందుపాతరలున్న చోటికి పటం లేకుండా పోకూడదు."

"బండలో గూడా అంతే సార్," అన్నాడు మునెప్ప. "నెర్రె యాడుండాదో సూడకుండా ఉలి పెడితే మా మేస్త్రి తంతాడు."

మునెప్ప ఇంటికి పోయే రోజే హెర్నియా కేసు కృష్ణప్ప కూడా పోతున్నాడు. సిస్టర్ రెండు కవర్లు నా చేతిలో పెట్టింది.

"పేర్లు సూసి ఇచ్చేయక్కా."

చూసినట్టే చేసి ఇచ్చాను.

రెండేళ్ళకు కృష్ణప్ప కవరు పట్టుకుని వచ్చాడు. సిస్టర్ విప్పి చదివింది.

"అక్కా, ఇది మునెప్పది. ఈయనకాడికి ఎట్ల పోయింది?"

కవరు అడిగి తీసుకున్నాను. మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకు శాంతిపురం. మునెప్ప తల్లి వాకిలి ఊడుస్తోంది.

"మదనపల్లెలో ఉండాడమ్మా. ఎడమ కిడ్నీ తీసేయాలంట. ఈపొద్దు పదికి ఆపరేషను." ఆసుపత్రి పేరు చెప్పింది.

పుంగనూరులో బస్సు మారాలి. అప్పటికి టైము తొమ్మిదీ పది. తర్వాతి బస్సుకు నలభై నిమిషాలు. ఎదురుగా ఎస్టీడీ ఫోను బూతు, బల్ల వెనక దాని యజమాని.

"మదనపల్లె ఆసుపత్రికి ఫోను చేయాలప్పా."

"నంబరు?"

"తెలీదు."

అతను డైరెక్టరీ నా ముందుకు తోశాడు. "ఈడ సూసుకో."

పేజీలు తిప్పాను.

"దొరికిందా అమ్మా?"

"లేదప్పా."

నాకు చదువు రాదు, నువ్వే చూసి పెట్టు అంటే సరిపోయేది. నోరు రాలేదు. పుస్తకం మూసి బెంచీ మీద కూర్చున్నాను.

మదనపల్లె చేరేసరికి పదీ యాభై ఐదు. థియేటరు తలుపు మీద ఎర్ర దీపం. కవరు లోపలికి పంపాను. కొంతసేపటికి అక్కడి సర్జన్ వచ్చారు. మోచేతుల దాకా రక్తం. బొమ్మ వంకే చూస్తూ అన్నారు.

"ఎడమపక్క ఆ సిర ఉంటుందనుకోలేదు. తెగింది. మనిషి దక్కలేదు. ఇది ఒక్క గంట ముందు తెలిసుంటే..."

మునెప్ప భార్య చేతిలో కృష్ణప్ప కవరు ఉంది.

"సూపించినామమ్మా," అంది. "ఇది మీది కాదు అన్యారు."

కుప్పం తిరిగి వచ్చి రాత్రిబడిలో చేరాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

రెండువేల మూడులో ఉద్యోగం మానేసి, పెట్టె పట్టుకుని కురబలకోటకు తిరిగి వస్తూ పుంగనూరులో దిగాను. అదే ఎస్టీడీ బూతు, అదే పుస్తకం, అట్ట ఊడిపోయింది. అక్షరాలు కూడబలుక్కుంటూ వెతికాను. మదనపల్లె పేజీలో పైనుంచి ఆరో వరుస. ఆసుపత్రి పేరు, పక్కన నంబరు.

ఆ వరుస ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.