తువ్వాలు కింద భూగర్భశాస్త్రం

చెంచయ్య బాబాయ్ ధర నోటితో చెప్పగా విన్న మనిషి గుంటూరులో లేడు. టిక్కీ బస్తాల కొద్దీ మిరపకాయలైనా, గుప్పెడు కరివేపాకైనా ఒకటే పద్ధతి. భుజం మీద తువ్వాలు తీస్తాడు. ఎదుటివాడి చేతి మీద కప్పుతాడు. దాని కింద తన చెయ్యి దూర్చి వేళ్ళతో బేరమాడతాడు. ఏ వేలు పట్టుకున్నాడో, ఎక్కడ నొక్కాడో ఆ ఇద్దరికీ తప్ప మూడో కంటికి తెలియకూడదు.

మిర్చి యార్డులో ఇది పాత పద్ధతే. కాకపోతే మిగతా వ్యాపారులు యార్డు గేటు దాటగానే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మామూలు మనుషులైపోతారు. బాబాయ్ కాలేదు. బస్సులో కండక్టర్ టిక్కెట్టు అడిగితే తువ్వాలు తీసేవాడు. డాక్టరుగారు నాడి చూద్దామని మణికట్టు పట్టుకుంటే, బేరం మొదలైందనుకుని పైన తువ్వాలు కప్పేసేవాడు. మంగలి షాపులో మెడ చుట్టూ గుడ్డ కప్పితే ఆయనకి ప్రాణం లేచొచ్చేది. సగం గడ్డంతో ఉండగానే గుడ్డ కింద నుంచి మంగలి చెయ్యి వెతుక్కునేవాడు, కత్తి ఉన్న చెయ్యని కూడా చూడకుండా. ఆటో సుభానీ అయితే బాబాయ్ కోసం హ్యాండిల్‌కి ప్రత్యేకంగా ఒక తువ్వాలు కట్టుకుని తిరిగేవాడు.

దుకాణానికి ఫోను వచ్చినప్పుడు అసలు గొడవ మొదలైంది. రిసీవర్ మీద తువ్వాలు కప్పి, లోపల చెయ్యి పెట్టి వేళ్ళు ఆడించేవాడు. అవతల చెన్నై వ్యాపారి "హలో, హలో" అని గొంతు చించుకుంటుంటే, "చెప్పాగదయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఫోను పెట్టేసేవాడు.

అలాంటి మనిషి భూగర్భశాస్త్రంలో పరిశోధనలకి డబ్బులివ్వడం మొదలుపెట్టాడు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

నేను ఎమ్మెస్సీ జియాలజీ పాసై, ఉద్యోగం దొరక్క, ఆయన ఉత్తరాలు టైపు చేస్తూ కాలక్షేపం చేస్తున్న రోజులవి. అద్దంకి దగ్గర పొలంలో బాబాయ్ బోరు మీద బోరు వేయిస్తున్నాడు. కొబ్బరికాయ పట్టుకుని నడిచే ఆయన చెప్పిన చోట దుమ్ము వచ్చింది. వేప పుల్ల పట్టుకుని నడిచే ఆయన చెప్పిన చోట మరింత మంచి దుమ్ము వచ్చింది. చూడలేక, పరిశోధన చేస్తున్న నా స్నేహితుడు బాలుని తీసుకెళ్ళాను. వాడు పొద్దుటి నుంచి పొలమంతా తిరిగి, రాళ్ళు కొట్టి, చివరికి గట్టు మీద కూలబడ్డాడు.

"ఎక్కడెయ్యమంటావు బాబూ?" అన్నాడు బాబాయ్.

"తెలీదండీ."

"తెలీదా?"

"తెలీదండీ. చుట్టుపక్కల ఊళ్ళ బావులన్నీ చూస్తే గానీ చెప్పలేను. చూడ్డానికి నా దగ్గర బస్సు చార్జీల్లేవు."

బాబాయ్ నన్ను పక్కకి లాక్కెళ్ళాడు. "ఒరేయ్ శశీ, యార్డులో ఇన్నేళ్ళున్నాను. 'తెలీదు' అన్న మొగాణ్ణి ఇదే చూడ్డం. ఎక్కడ పట్టావురా వీణ్ణి? ఇలాంటోళ్ళు ఇంకా ఉన్నారా?"

"బోలెడు మంది ఉన్నారు బాబాయ్. డబ్బుల్లేక ఆగిపోయారు. పైవాళ్ళు డబ్బులివ్వాలంటే, ఇంతకు ముందు చేసిన పని చూపించమంటారు. పని చెయ్యాలంటే ముందు డబ్బులు కావాలి."

"అంటే పంట చూపిస్తే విత్తనాలకిస్తారా? ఏ ఊరి వ్యాపారంరా అది?"

ఆయనకి కోపం వచ్చింది. రైతుకి విత్తనాల వేళకి పెట్టుబడి పెట్టడం ఆయన వృత్తి. పంట చేతికొచ్చాక ఎవడైనా పెడతాడు. అక్కడికక్కడే నిధి పుట్టింది. భూగర్భశాస్త్రంలో పరిశోధన కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి తొలి సాయం అని నేను ప్రకటన రాసి చూపించాను.

"మధ్యలో మానేసి మళ్ళీ వచ్చేవాళ్ళకి కూడా అని రాయి," అన్నాడు.

"మానేసినవాళ్ళని ఎవరూ తీసుకోరు బాబాయ్. ఇన్నేళ్ళూ ఏం చేశావని అడుగుతారు."

"రెండేళ్ళు బీడు పెట్టిన పొలం చూశావా? ఆ తర్వాత వేసిన మిరప నీ నడుం దాకా వస్తుంది. రాయరా!"

షరతు ఒకటే. పంట వస్తే, అంటే పరిశోధన పూర్తయితే, సరుకు ముందు ఆయన దుకాణానికే తెచ్చి, యార్డు జనానికి అర్థమయ్యేలా చెప్పాలి.

ఇంటర్వ్యూలు దుకాణంలోనే. సీజను కావడంతో గాలి నిండా మిరప ఘాటు. లోపలికి వచ్చిన అభ్యర్థి ముందు తుమ్మేవాడు, తర్వాత నమస్కారం పెట్టేవాడు, మళ్ళీ తుమ్మేవాడు. చీమకుర్తి నల్లరాయి మీద పని చేస్తానని కోటేష్ అనే కుర్రాడు రంగురంగుల చార్టులు పట్టుకొచ్చాడు.

"ఆ కాయితాలు పక్కన పెట్టి సరుకు చూపించు బాబూ."

కోటేష్ సంచిలోంచి రాయి తీశాడు. బాబాయ్ దాన్ని మిరపకాయలా విరవబోయాడు. విరగలేదు. వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"గింజ చప్పుడు రావట్లేదే?"

"రాయికి గింజలుండవండీ," అని కోటేష్ తుమ్మాడు.

"మరి ఇందులో ఏముంది?"

"ఆ మెరుపు ఎలా వచ్చిందో చూద్దామని. పుస్తకాల్లో రకరకాలుగా ఉంది. నాకైతే ఇంకా తెలీదండీ."

"తెలీదా!" బాబాయ్ మొహం వెలిగిపోయింది. వెంటనే తువ్వాలు తీశాడు.

కప్పింది తువ్వాలే అయినా, పాపం కోటేష్‌కి గదిలో పెట్టి తలుపులు మూసినంత పనైంది. వేళ్ళ లెక్కలు బాబాయ్ వాడి చెవిలో చెప్పి నేర్పాడు. తర్వాత ఇద్దరూ ఉప్పూ నిప్పూ. బాబాయ్ తల అడ్డంగా ఊపుతాడు. కోటేష్ కనుబొమలు ఎగరేస్తాడు. బాబాయ్ "నా కొంప తీసేట్టున్నావే!" అని మూలుగుతాడు. చివరికి నీరసంగా చెయ్యి బయటికి తీసి, "బయట నోరు విప్పావంటే యార్డు పరువు పోద్ది. గుర్తుంచుకో," అన్నాడు. కోటేష్ మాత్రం పందెం కోడిలా ఛాతీ విరుచుకుని వెళ్ళాడు. ఎంత వచ్చిందిరా అని అడిగితే చెప్పలేదు. అంతకు ముందు ఇలాగే డబ్బు తీసుకున్న బాలు కూడా చెప్పలేదు.

ఇలా సాఫీగా సాగుతున్న నిధికి చీరాల నుంచి మాధురి రూపంలో చిక్కు వచ్చి పడింది.

మాధురి పరిశోధన సగంలో ఉండగా పిల్లలు పుట్టారు, గైడు రిటైరయ్యాడు, పని ఆగిపోయింది. ఇన్నేళ్ళకి తిరిగి వెళ్తే కొత్త గైడు ఒక్కటే మాట అన్నాడట: వానలు పడేలోపు నీళ్ళ నమూనాలన్నీ తీసి ఫలితాలు చూపిస్తే సరే, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటికే మే నెల వచ్చేసింది. సాయం అడిగిన ప్రతి చోటా ముందు ఆ ఖాళీ ఏళ్ళ గురించే అడిగారు. అందుకే మా దగ్గరికొచ్చి కూర్చోగానే తనే మొదలుపెట్టింది.

"మధ్యలో కొన్నేళ్ళు నేను ఏమీ చెయ్యలేదండీ. అది ముందే చెప్పేస్తున్నా..."

"దాని సంగతి నాకొదిలెయ్యమ్మా. సరుకేదీ?"

ఆమె సీసా తీసింది. కొత్తపట్నం బోరు నీళ్ళు. బాబాయ్ గటుక్కున ఒక గుక్క తాగేశాడు. మొహం ముడుచుకుపోయింది.

"ఉప్పగా ఉన్నాయి!"

"అదేనండీ నా పరిశోధన."

"తేలిపోయిందిగా! ఉప్పగా ఉన్నాయి. రాసెయ్యి."

"సముద్రం నీళ్ళు ఇసక కింద నుంచి ఊళ్ళోకి వస్తున్నాయండీ. ఏ వైపు నుంచి వస్తున్నాయో తెలిస్తే, తియ్యనీళ్ళు ఇంకా ఎక్కడ మిగిలున్నాయో చెప్పొచ్చు. అదింకా ఎవరికీ తెలీదు."

"తెలీదు" వినపడగానే బాబాయ్ చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది. తువ్వాలు తీశాడు, విప్పాడు, దులిపాడు. అక్కడ ఆగిపోయాడు. పరాయి ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడమెలా?

హమాలీలు మోస్తున్న టిక్కీలు దింపి మరీ చూస్తున్నారు.

"నోటితో చెప్పెయ్యి బాబాయ్," అన్నాను.

నడిబజారులో పంచె విప్పమన్నట్టు చూశాడు.

"పోనీ కాయితం మీద రాసుకుందాం."

"కాయితం నలుగురూ చదువుతార్రా, బుద్ధి లేదూ!"

మాధురి సీసా సంచిలో పెట్టుకుంటూ, "పర్లేదండీ, నేను వెళ్ళొస్తాను," అంది. అలాంటి జవాబులు అలవాటైపోయిన గొంతు అది.

"కూర్చో అమ్మాయ్! ఒరేయ్ సుభానీ!" అని అరిచాడు బాబాయ్.

సుభానీ ఆటోలో వెళ్ళి, తెలిసిన బట్టల షాపులోంచి బొమ్మ చెయ్యి ఒకటి ఊడబీకి తెచ్చాడు. మాధురి దాన్ని తువ్వాలు కిందికి చాచింది. బాబాయ్ కాసేపు కళ్ళు మూసుకుని తడిమాడు.

"ఇదేంటమ్మా, అయిదు వేళ్ళూ చాచి కూర్చున్నావు? కాస్త తగ్గు."

"నేనింకా ఏమీ అడగలేదండీ. ఇవి ముడుచుకోవు."

"బొమ్మలు బేరానికి పనికిరావురా," అని చెయ్యి అవతల పారేసి, సుభానీ వైపు తిరిగి, "మీ పిన్నిని తీసుకురా పో!" అన్నాడు.

వెంకటేశ్వరమ్మ పిన్ని గారెల పిండి చేతులతోనే ఆటో దిగింది. "ఏం ముంచుకొచ్చిందండీ? నూనె పొయ్యి మీదుంది!" విషయం విన్నాక చేతులు కడుక్కుని ఇద్దరి మధ్యా బల్ల మీద కూర్చుంది. అటు ఒక తువ్వాలు, ఇటు ఒక తువ్వాలు. కుడి చెయ్యి మాధురి చేతిలో, ఎడమ చెయ్యి మొగుడి చేతిలో. మాధురికి లెక్కలు బాబాయ్ దూరం నుంచే చెప్పాడు, తన వేళ్ళు తనే పట్టుకుని, వాటి మీద తువ్వాలు కప్పుకుని.

"నాకు మీ వేళ్ళ గోల తెలీదు బాబూ," అంది పిన్ని.

"తెలియక్కర్లేదు. ఆ అమ్మాయి ఎలా నొక్కితే నువ్వలా నొక్కు. నేనెలా నొక్కితే నువ్వలా నొక్కు. మధ్యలో సొంత తెలివి వద్దు."

బేరం మొదలైంది. మాధురి మెల్లగా ఏదో నొక్కినట్టుంది. పిన్ని ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఇటువైపు నొక్కింది. బాబాయ్ ఎగిరిపడ్డాడు.

"అమ్మో, అంతెక్కువా!"

"ఏంటండీ ఎక్కువ? ఆ పిల్ల అడిగింది, నేను చెప్పాను."

బాబాయ్ ఏదో తగ్గించి నొక్కాడు. పిన్ని అటు నొక్కింది. మాధురి కళ్ళు గుండ్రంగా అయిపోయాయి. తల గబగబా అడ్డంగా ఊపి ఏదో నొక్కింది. పిన్ని ఇటు నొక్కింది. బాబాయ్‌కి చెమటలు పట్టాయి.

"మెత్తగా కనపడుతుంది గానీ, ఈ అమ్మాయి యార్డుని అమ్మేట్టుందిరా శశీ!"

ఇక మాధురి ఆగలేకపోయింది. "వద్దండీ! అంత వద్దు!" అని పైకే అరిచేసింది.

యార్డు చరిత్రలో అలాంటి మాట ఎవరూ విని ఉండరు. హమాలీలు ఘొల్లుమన్నారు. పిన్ని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "నోరు మూసుకో పిల్లా, బేరం చెడగొడతావు," అంది. బాబాయ్ ఒకసారి పిన్ని వంక చూశాడు. పిన్ని దూలాల వంక చూసింది. ఆయన నిట్టూర్చి, చెయ్యి తీసి, "ఖాయం," అన్నాడు.

మాధురి ఆ వారమే జీపు మాట్లాడుకుంది, పరీక్షలకి సీసాలు పంపింది. తొలకరి చినుకు పడేలోపు ఫలితాలు గైడు బల్ల మీద పెట్టింది. రిజిస్ట్రేషన్ నిలబడింది. మరుసటి ఏడాది సరుకు తీసుకుని యార్డుకి వచ్చింది. దుకాణం నేల మీద సుద్దముక్కతో సముద్రం గీసి, ఊరు గీసి, ఉప్పు ఎటు నుంచి వస్తోందో, కొత్త బోరు ఎక్కడ వేస్తే తియ్యనీళ్ళు పడతాయో చెప్పింది. హమాలీలు సముద్రాన్ని తొక్కకుండా పక్క నుంచి నడుస్తూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు.

తర్వాత అందరం టీ కొట్టు దగ్గర చేరాం. బాలు నన్ను పక్కకి లాగాడు.

"ఎవరితో అనకురా. బాబాయ్ గొప్ప బేరగాడంటారు గానీ, ఉత్తదే. అప్పట్లో నేను అనుకున్నదానికన్నా ఎక్కువ లాగాను."

వాడటు వెళ్ళగానే కోటేష్ ఇటు వచ్చాడు. "అన్నా, మీకొక్కరికే చెప్తున్నా. ముసలాయన్ని ఓడించిన మొగాణ్ణి నేనొక్కణ్ణే."

నేను టీ అక్కడ పెట్టేసి దుకాణానికి పరిగెత్తాను. బాబాయ్ ఒక రైతు చేతి మీద తువ్వాలు కప్పి "నా కొంప తీసేట్టున్నావే!" అని మూలుగుతున్నాడు. ఆ మూలుగు నాకు బాగా తెలిసిన మూలుగే. రైతు మీసం దువ్వుకుంటూ వెళ్ళేదాకా ఆగాను.

"బాబాయ్, వచ్చిన ప్రతివాడి చేతిలోనూ కావాలనే ఓడిపోతున్నావు కదూ?"

"మెల్లగారా సన్నాసీ!" అని చుట్టూ చూశాడు. "ఊరికే ఇస్తే తల దించుకుని పోతాడు. గెలుచుకుంటే ఛాతీ విరుచుకుని పోతాడు. బేరంలో గెలిచిన రైతు మళ్ళీ ఏడాది విత్తనం వేస్తాడురా. అందరి ముందూ ఓడాననుకో, నేను కావాలని ఓడినట్టు అందరికీ తెలిసిపోద్ది. అందుకే తువ్వాలు."

"అయితే మాధురి దగ్గర కూడా కావాలనే..."

బాబాయ్ గొంతు తగ్గించాడు. "ఆ అమ్మాయి అడిగిందానికి ఇంత కలిపి ఓడదామని కూర్చున్నాను. అసలు అడిగింది ఎంతో ఇటు చేరితేగా! మీ పిన్ని అటు నుంచి వచ్చింది పెంచి చెప్పింది, నేనన్నది పెంచి చెప్పింది. కావాలని ఓడటం వేరు, నిజంగా ఓడటం వేరురా. ఇన్నేళ్ళకి ఒక్కసారి ఓడాను."

ఆ తర్వాత ఇంటర్వ్యూలకి బాబాయ్ జాగ్రత్తగా ఒక్క తువ్వాలే తెచ్చుకునేవాడు. రెండోది పిన్ని తెచ్చేది.