చీమలు లేని గ్రహానికి బొంతకుట్టు

పాతికేళ్ల కిందట టీవీలో వచ్చిన ఒక అంతరిక్ష సీరియల్లో పదకొండో భాగాన్ని ఇప్పటికీ ఫోన్లలో వెతుక్కుని చూసేవాళ్లున్నారు. అందులో వ్యోమగామి తొడుక్కున్న వెండిరంగు సూటు, పత్తికొండ దగ్గరి పల్లెలో బొంతలు కుట్టే ఈరక్క చేతిది.

షూటింగుకు హైదరాబాదు నుంచి రావాల్సిన సూటు రాలేదు. దర్శకుడు యేసుప్రసాద్ దారిలో ఆమె ఇంటి గోడ మీద ఆరేసిన బొంత చూసి ఆగి, అంత మందంగా మనిషి ఆకారంలో ఒకటి కావాలన్నాడు. ఈరక్క ఒక్కటే అడిగింది. "టీవీలో నా పేరు పడతాదా?"

"పడుతుందక్కా."

అప్పటికే నలభై ఏళ్లుగా ఆమె బొంతలు ఊరూరా కప్పుకుంటున్నారు. ఎవరు కుట్టారని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

మూడు రోజుల్లో సూటు తయారైంది. లోపల ఆరు పొరలు పాత చీరలు, పైన మెరిసే గుడ్డ. ఎడమచేతి అంచున చివరి మూల మూసేముందు గుప్పెడు జొన్నలు పోసింది. ఖాళీ మూలతో బొంత ఇవ్వడం వాళ్ల ఇంటావంటా లేదు. కప్పుకున్నవాళ్ల కడుపు నిండదంటారు.

షూటింగు బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనిలో. నటుడు హనుమేష్ చెయ్యి చాచి "ఈ గ్రహం మీద ప్రాణమన్నదే లేదు" అన్నాడు. ఆ చేతి మీదే చీమలబారు సాగుతోంది.

యేసుప్రసాద్ తల పట్టుకున్నాడు. "అక్కా, ఈ గ్రహంలో చీమలుండవు."

"నాకేం తెలుసప్పా. నేల చూపిస్తిరి, చీమలుంటాయనుకుంటి."

అందరూ నవ్వారు, అతను తప్ప. "జొన్నలు తీసేసి తొందరగా కుట్టెయ్. నీ పేరంటావా, పేర్ల పట్టీలో చోటు లేదంటున్నారు. చూద్దాంలే."

ఈరక్క మూల విప్పి జొన్నలు దులిపింది. వంటాయన దగ్గర పసుపుకొమ్ము అడిగి తెచ్చి అందులో పెట్టింది. దాని జోలికి చీమ రాదు. సూదికి దారం ఎక్కించుకుని, కుట్టకుండా బండ మీద కూచుంది.

"కుట్టవేమక్కా?"

"నా పేరు పట్టీలో రాసి, సదివి ఇనిపియ్యి. అంతవరకూ ఈ మూల తెరిచే ఉంటాది."

"తర్వాత రాస్తాం. ఎండ పోతోంది."

"పోనీప్పా. నాకేం తొందర లేదు."

సూటులో చెమటలు కక్కుతున్న హనుమేష్ ఇక ఆగలేకపోయాడు. "రాయండి సార్. ఆమె బాగానే కూచుండాది, ఈడ నేను ఉడికిపోతాండా."

యేసుప్రసాద్ పట్టీ తెప్పించాడు. అందులో రెండుసార్లు పడిన తన పేరు ఒకచోట కొట్టేసి, అక్కడ ఆమె పేరు రాసి చదివాడు. ఈరక్క మళ్లీ చదివించుకుంది. అప్పుడు కదిలింది సూది. పది కుట్లు, ఒక ముడి. పొద్దు గని అంచు దిగేలోపు సీను దక్కింది.

ఆ భాగం వచ్చిన ఆదివారం పంచాయతీ టీవీ ముందు ఊరు ఊరంతా కూచుంది. చివర పేర్లు పైకి పోతుంటే పక్కింటి శివలీల ఆమె భుజం తట్టింది. "అద్దో అత్తా, నీ పేరు."

ఈరక్క ఆ వరుస తెర దాటేవరకు రెప్ప వేయలేదు.

"శానా బాగుండాది. సూటు చేతులే ఇంకో బెత్తెడు పొడుగు పెట్టాల్సింది" అంది.